అప్‌డేట్: మా నిమ్మతోటలో రాత్రిపూట అరిచేది దొరికింది

చీకటి పడగానే ‘చక్ చక్ చక్’మని మొదలై, గచ్చు మీద గోలీ ఎగిరెగిరి దొర్లినట్టు ఆగిపోయే శబ్దం ఏమిటని పోయిన నెల అడిగాను కదా. మాది నెల్లూరు జిల్లా పొదలకూరు పక్కన. నైట్‌జార్ అనే రాత్రిపూట తిరిగే పిట్ట అన్నవాళ్లదే నిజం, గుడ్లగూబ కాదు.

నిన్న పాదులు చేస్తుంటే ఎండుటాకుల కుప్పే లేచి ఎగిరిందనిపించింది! అడుగు దూరం దాకా కనపడలేదు. అక్కడ వట్టి నేల మీద రెండు గుడ్లు. గూడు లేదు, ఒక్క పుల్ల కూడా లేదు. లేత గులాబీ రంగు, మీద గోధుమ మచ్చలు. వెంటనే వెనక్కొచ్చేశాం.

రాత్రి దూరం నుంచి ఒక్క క్షణం టార్చి వేస్తే కన్ను నిప్పుకణికలా మెరిసింది. తిరిగొచ్చింది, ప్రాణం కుదుటపడింది.

అపశకునమని అవ్వ భయపడేది. రాత్రి ఎగిరే పురుగుల్ని తిని బతికే పిట్ట అవ్వా అన్నాను. పిల్లలు ఎగిరేదాకా ఆ సాలులో ట్రాక్టర్ తిప్పం.