వేసవి సెలవుల్లో ఇంటిల్లిపాదితో పుస్తకాల దారి: ఎక్కడికి వెళ్లారు, ఎలా గడిచింది?

ఎండాకాలం చదువరి

పిల్లల పరీక్షలు అయిపోయాయి. ఈసారి ప్రయాణంలో పుస్తకాలతో ముడిపడిన చోటు ఒక్కటైనా ఉండాలని నా పంతం. మా ఇంట్లో చదివేది నేనూ, ఏడో తరగతికి వచ్చిన మా అమ్మాయీ. మా వారు పుస్తకం తెరిస్తే రెండో పేజీకల్లా గురక. అత్తగారికి గుడి ఉంటే చాలు, చిన్నవాడికి నీళ్లుంటే చాలు. ఇక పుస్తక ప్రదర్శనలంటారా, హైదరాబాదువాళ్లు డిసెంబరులో, విజయవాడవాళ్లు జనవరిలో పెడతారు. పిల్లలకు బడి ఉన్న రోజుల్లో అంత పండగ చేసి, తీరా సెలవులిచ్చాక మనల్ని ఎండకు వదిలేస్తారు.

రచయితలు ఉన్న ఇళ్లు, పాత గ్రంథాలయాలు, తాళపత్రాలు చూడదగ్గ చోట్లు, ఏవైనా సరే. ఇంట్లోవాళ్ల చేత మాటలు పడకుండా వీటిని ప్రయాణంలో ఎలా కలిపారో మీ అనుభవం చెప్పండి. "ఇంట్లోనే ఫ్యాను కింద చదువుకోవచ్చు కదా" అనే సలహా మా ఇంట్లోనే ఉచితంగా దొరుకుతోంది.

గోదావరి గట్టు

మీ ఇంటి లెక్క చూస్తే రాజమహేంద్రవరం సరిపోతుంది. అత్తగారికి కోటిలింగాల రేవు, మార్కండేయస్వామి గుడి ఉన్నాయి. చిన్నవాడికి ఏకంగా గోదావరే ఉంది, చెయ్యి మాత్రం వదలకండి. మీకేమో కందుకూరి వీరేశలింగం గారి ఇల్లు, గౌతమీ గ్రంథాలయం.

ఇల్లు చూడటానికి ఎక్కువసేపు పట్టదు. అయితే వెళ్లేముందే మీ అమ్మాయికి 1881 డిసెంబరు 11న ఆయన ఈ ఊళ్లో జరిపించిన తొలి వితంతు వివాహం సంగతి చెప్పండి. ఊరు ఊరంతా ఎదురు తిరిగినా, బంధువులు వెలివేస్తామన్నా ఎలా నిలబడ్డారో చెప్పండి. మా పిల్లలకు ముందురోజు రాత్రి అన్నాలయ్యాక మేడ మీద కూర్చోబెట్టి ఇదంతా చెప్పాను. మర్నాడు వాళ్లు గదిగదికీ ఆగి, "పెళ్లివాళ్లు ఏ గుమ్మంలోంచి వచ్చి ఉంటారు" అని నన్నే అడిగారు. వెంట వచ్చిన మా తమ్ముడి పిల్లలకు ఎవరూ ఏమీ చెప్పలేదు. వాళ్లకు అది పాత పెంకుటిల్లు, అంతే. త్వరగా బయటికి వచ్చి మామిడికాయల బండి దగ్గర నిలబడ్డారు.

గౌతమీ గ్రంథాలయం కథ కూడా చిన్నది కాదు. నాళం కృష్ణారావు గారు 1898లో, ఇంకా మీసాలు సరిగా రాని వయసులో మొదలుపెట్టిన పుస్తకశాల దానికి మూలం. తర్వాత వాసురాయ గ్రంథాలయం అందులో కలిసింది. సాయంత్రం గట్టు మీద గాలి బాగుంటుంది. పాపికొండల పడవలు మాత్రం వేసవిలో నీటిమట్టాన్ని బట్టి నడుస్తాయి. కనుక్కోకుండా పిల్లలకు మాట ఇవ్వకండి.

విశ్రాంత గ్రంథపాలకుడు

పైవారు ఊరు చెప్పారు, వేళలు చెప్పలేదు. మన శాఖా గ్రంథాలయాలు చాలావరకు పొద్దున కాసేపు, సాయంత్రం కాసేపు తెరుస్తారు. మధ్యాహ్నం మూత. శుక్రవారం సెలవు. ఆదివారం తెరిచి శుక్రవారం మూసేది ఎందుకో తెలియక తలుపు ముందు నిలబడి నన్ను తిట్టుకున్నవారిని నా ఉద్యోగమంతా చూశాను. ఉద్యోగస్తులు ఆదివారమే కదా వచ్చి చదువుకోగలిగేది, అందుకని. వేసవిలో చాలాచోట్ల పిల్లలకు కథలు చెప్పించడం, చదివించడం, బొమ్మలు వేయించడం కూడా ఉంటుంది. ఊరు దాటకుండానే దొరికే ఆ అవకాశాన్ని ఎవరూ లెక్కలోకి తీసుకోరు.

ప్రయాణమే కావాలంటే వేటపాలెం వెళ్లండి. సారస్వత నికేతనం 1918లో మొదలైంది. ఇప్పుడున్న భవనానికి 1929లో గాంధీజీ శంకుస్థాపన చేశారు. ఆయన చేతికర్రను అక్కడ భద్రపరిచారు. కానీ నేను వెళ్లమనేది చేతికర్ర కోసం కాదు, పాత పత్రికల కోసం. మీ అమ్మాయి చేత దశాబ్దాల కిందటి తెలుగు పత్రిక ఒకటి తిప్పించండి. వార్తలకన్నా ముందు ప్రకటనలు చదివించండి. మందులు, సబ్బులు, పంచాంగాలు, సంగీత పెట్టెలు: ఆనాటివాళ్లు దేనికి డబ్బు పెట్టేవారో పాఠ్యపుస్తకం చెప్పదు.

ఒక జాగ్రత్త. ఆ కాలపు పత్రికల కాగితం చెక్క గుజ్జుతో చేసినది. అందులోని ఆమ్లం ఏళ్లు గడిచేకొద్దీ కాగితాన్ని లోపలినుంచే తినేస్తుంది, చివరికి అప్పడంలా విరుగుతుంది. వేలు తడి చేసుకుని పేజీ తిప్పకూడదు. మూల పట్టి లాగకూడదు. అరచేయి పేజీ కిందికి పోనిచ్చి నెమ్మదిగా తిప్పాలి. అడగకుండా ఫొటోలు తీయకూడదు. పిల్లలకు ఇవన్నీ ఇంటి దగ్గరే నేర్పి తీసుకురండి. అక్కడ కూర్చుని పని చేసుకునే పరిశోధకులు మీకు రుణపడి ఉంటారు.

డ్రైవరు గారు

నమస్కారం. నేను సభ్యుణ్ణే గానీ చదువరిని కాను. మా ఆవిడ చదువరి, నేను కారు నడుపుతాను. ఇక్కడ అందరూ "ఇంట్లోవాళ్లు గొణుగుతారు" అంటున్నారు. ఆ గొణిగేవాళ్ల తరఫున నాలుగు మాటలు.

మాకు పుస్తకాల మీద కోపం లేదు. "ఇంకో పది నిమిషాలు" మీద కోపం. పుస్తకాల షాపులో పది నిమిషాలంటే బయట పిల్లలకు రెండు ఐస్‌క్రీములు, ఒక దెబ్బలాట. ఎంతసేపో ముందే చెప్పండి. గంటన్నర అంటే గంటన్నరే అనుకుని నేను పిల్లలను ఇంకెక్కడికైనా తీసుకెళతాను. చెప్పకపోతే గుమ్మం దగ్గరే నిలబడి ఉంటాను. నిలబడ్డవాడి మొహం చూస్తూ మీరు మాత్రం ఏం ఎంచుకుంటారు?

రెండోది బరువు. వెళ్లేటప్పుడు తేలిక సంచి, వచ్చేటప్పుడు దాన్ని ఎత్తేది నేను. రైల్లో వెళితే కొన్నవాటిని పోస్టులో ఇంటికి పంపేయండి. మూడోది, కొండదారిలో కారు నడుపుతున్నవాడికి "ఈ వాక్యం వినండి, ఎంత బాగుందో" అని చదివి వినిపించకండి. మలుపులు అయ్యాక ఆపి టీ తాగుతున్నప్పుడు వినిపించండి, వింటాను. నిజంగానే వింటాను. విజయనగరంలో గురజాడ గారి ఇంటికి అలాగే వెళ్లాను. టీ కొట్టు దగ్గర మా ఆవిడ కన్యాశుల్కం నాటకంలో గిరీశం మాటలు వినిపించి నవ్వించింది. ఆ నాటకం 1892లో ఆ ఊళ్లోనే మొదట ఆడారనీ, 1897లో అచ్చయిందనీ అక్కడే తెలిసింది. ఆ నవ్వు అయ్యాక ఆయన ఇంటి ముందు కారు ఆపడానికి నాకేమీ కష్టం అనిపించలేదు. కోటకు దగ్గరే. అక్కడినుంచి భీమిలి వెళ్లి పిల్లలను సముద్రంలో తడిపాం. అందరి లెక్కా సరిపోయింది.

ఎండాకాలం చదువరి

డ్రైవరు గారూ, మీ టపా మా వారికి చదివి వినిపించాను. ఆపి టీ తాగుతున్నప్పుడే.

కడప మిరపకాయ

మా ఊళ్లో సి.పి. బ్రౌన్ భాషా పరిశోధన కేంద్రం ఉంది. బ్రౌన్ దొర బంగళా కొని, పండితులను జీతానికి పెట్టుకుని తాళపత్రాలు సేకరింపజేసి, తప్పులు దిద్దించి, శుద్ధప్రతులు రాయించిన స్థలంలోనే. ఆ స్థలాన్ని నిలబెట్టడానికి జానమద్ది హనుమచ్ఛాస్త్రి గారు తిరగని గడప లేదు. 1852లో అచ్చయిన తెలుగు-ఇంగ్లీషు నిఘంటువు మన ఇళ్లలో ఇప్పటికీ వాడుతున్నాం. అది ఎలాంటి ఎండలో తయారైందో తెలియాలంటే కడపకు మే నెలలోనే రావాలి. అత్తగారికి ఒంటిమిట్ట కోదండరామస్వామి ఉన్నాడు.

గోదావరి గట్టు

మే నెలలో కడపా? రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటారు, అత్తగారిని తీసుకెళ్లమంటున్నారా?

కడప మిరపకాయ

మీ గోదావరి ఉక్కపోత కన్నా మా పొడి ఎండ నయమే. నీడన కూర్చుంటే చెమట అయినా ఆరుతుంది.

మదనపల్లె దారి

మీ ఇద్దరి గొడవ తేలేలోగా చదువరి గారిని నేను కొండ ఎక్కిస్తాను. మదనపల్లెకు దగ్గర్లో హార్స్‌లీ హిల్స్, ఎత్తు సుమారు 1,265 మీటర్లు. యూకలిప్టస్ చెట్ల కింద మధ్యాహ్నం పూట కూడా పుస్తకం పట్టుకుని కూర్చోగలిగిన చోట్లు వేసవిలో మనకు ఎన్ని ఉన్నాయి? కింద మదనపల్లెలో బీసెంట్ థియోసాఫికల్ కళాశాల. 1919లో రవీంద్రనాథ్ టాగోర్ అక్కడ బస చేసినప్పుడే "జనగణమన"ను ఇంగ్లీషులోకి అనువదించారు. బడిలో రోజూ పాడే పాట అని చెబితే చిన్నవాడు కూడా చెవి ఒగ్గుతాడు. ఘాట్ రోడ్డులో మాత్రం పుస్తకం మూసెయ్యండి. కళ్లు కదలని పేజీ మీద ఉంటే చెవి లోపలి భాగం మలుపులు లెక్కపెడుతుంటుంది, రెండింటికీ పొసగక వాంతి వస్తుంది. కిటికీలోంచి దూరంగా చూడటమే మందు.

ఓపిక ఉంటే కదిరి వైపు తిరగండి. కటారుపల్లిలో వేమన సమాధి ఉంది. ఆ ప్రాంతంలోనే తిమ్మమ్మ మర్రిమాను. 1989లో గిన్నిస్ పుస్తకానికి ఎక్కిన చెట్టు. ఒక్క చెట్టు కింద ఊరంత నీడ. మా బంధువర్గంలోని పిల్లలంతా ఊడల చుట్టూ తిరుగుతూ ఒకరు పద్యం మొదలుపెడితే మరొకరు "విశ్వదాభిరామ" అందుకున్నారు. వరుసలో పద్యం రానివాళ్లు మజ్జిగ సీసాలు మోశారు.

ఓరుగల్లు పిల్ల

తెలంగాణ వైపు ఎవరూ చెప్పలేదే! హనుమకొండలో రాజరాజనరేంద్ర ఆంధ్రభాషా నిలయం 1904 నాటిది. పాలకుర్తి పాల్కురికి సోమన ఊరు, దాని పక్కనే పోతన గారి బమ్మెర. పొలాల మధ్య ఊరు కాబట్టి పొద్దున్నే వెళ్లి రావాలి. రామప్ప ఎలాగూ ఉంది, 2021 నుంచి యునెస్కో జాబితాలో. అత్తగారికీ, చిన్నవాడికీ ఒకే చోట గుడీ చెరువూ దొరుకుతాయి.

పాత పుస్తకాల సంచి

కుటుంబం సంగతి అందరూ చెప్పారు, స్నేహితుల సంగతి నేను చెబుతాను. ఆదివారం అబిడ్స్ ఫుట్‌పాత్. మా బృందంలో ఒక పద్ధతి ఉంది. ఎవరికి వాళ్లు కొనుక్కోకూడదు, చీటీలో ఏ పేరు వస్తే వాళ్ల కోసం వెతకాలి. ఖర్చుకు హద్దు ముందే అనుకుంటాం. గుట్టలో చెయ్యి పెట్టి మనకు నచ్చినది పక్కన పెట్టి, ఎదుటివాళ్లకు ఏది నచ్చుతుందో ఆలోచించడం ఎంత కష్టమో చేస్తే గానీ తెలియదు. నాకు ఒకసారి కోళ్ల పెంపకం మీద పుస్తకం వచ్చింది. ఇచ్చినవాడు ఇప్పటికీ అది చమత్కారం కాదు, నిజమైన ఎంపికే అంటాడు. నేను ఒప్పుకోను. అయినా మొత్తం చదివాను.

ఎండ ముదరకముందే ముగించి అఫ్జల్‌గంజ్ వెళ్లండి. అక్కడి కేంద్ర గ్రంథాలయం 1891లో ఆసఫియా పేరుతో మొదలైంది. చదవనివాళ్లను మూసీ అవతల సాలార్‌జంగ్ మ్యూజియంలో గంటలు కొట్టే గడియారం ముందు కూర్చోబెట్టవచ్చు. శుక్రవారం మ్యూజియానికీ సెలవే. సుల్తాన్ బజారులో 1901 నాటి శ్రీకృష్ణదేవరాయ ఆంధ్రభాషా నిలయాన్ని కూడా వదలకండి.

విశ్రాంత గ్రంథపాలకుడు

చీటీల పద్ధతితో నాకు పేచీ ఉంది. పాత పుస్తకాలు దొరికినప్పుడే దొరుకుతాయి. పదేళ్లుగా వెతుకుతున్నది కళ్లెదుట కనిపిస్తే, చీటీలో నా పేరు లేదని వదిలేసి రమ్మంటారా?

పాత పుస్తకాల సంచి

అలాంటప్పుడు కొట్టువాడి చెవిలో ఒక మాట వేసి సాయంత్రం ఒంటరిగా వెళతాం. నియమం బృందానికి, సాయంత్రానికి కాదు.

మధ్య బెర్తు

రైలు ప్రయాణికులకు: మధ్య బెర్తు వస్తే చదువు మీద ఆశ వదులుకోండి. రాత్రి పది నుంచి పొద్దున ఆరు వరకు దాన్ని పైకెత్తి తగిలించుకుని పడుకునే హక్కు ఉంది గానీ తల ఎత్తి కూర్చునే వీలు లేదు. పైగా పదింటికి పెద్ద దీపాలు ఆర్పేస్తారు. పక్క కింది బెర్తు దొరికినవాళ్లు అదృష్టవంతులు. విశాఖ నుంచి అరకు రైల్లో అసలు పుస్తకం తీయకండి. 50కి పైగా సొరంగాలున్న దారి అది. వాక్యం సగంలో చీకటి పడుతుంది, వెలుతురు వచ్చాక లోయ కనిపించి వాక్యం మర్చిపోతారు. మా స్నేహితులం ఆ దారిలో కథలు చెప్పుకుంటాం. సొరంగం వచ్చిన చోట చెప్పేవాళ్లు ఆపాలి, సొరంగం దాటాక పక్కవాళ్లు అందుకోవాలి. దయ్యాల కథకు మించి ఏ కథా నిలవదు.

ఎండాకాలం చదువరి

ఇంట్లో సభ పెట్టాం. చీరాలలో దిగి వేటపాలెం, అక్కడినుంచి బాపట్ల అని తేలింది. సముద్రం చిన్నవాడికి, బాపట్ల భావనారాయణస్వామి గుడి అత్తగారికి, సారస్వత నికేతనం మాకు. మా వారు గ్రంథాలయంలో మాకు రెండు గంటలు ఇచ్చారు. మూడు అడిగాను, బేరం కుదరలేదు. రాజమహేంద్రవరం దసరాకు పెట్టుకున్నాం. కడప మిరపకాయ గారూ, మీ ఊరికి డిసెంబరులో వస్తాం, ఏమీ అనుకోకండి.

డ్రైవరు గారు

కారులో వెళ్తున్నట్లయితే కొన్న పుస్తకాలు డిక్కీలో వదలకండి. అట్ట వెనక గమ్ము ఆ వేడికి మెత్తబడి, తర్వాత పేజీలు ఊడతాయి. సీటు కింద, నీడ పడే వైపు పెట్టండి. సముద్రంలో అలలు చూసి దిగండి, ఆ తీరంలో ఏటా ప్రమాదాలు జరుగుతున్నాయి.

విశ్రాంత గ్రంథపాలకుడు

బయలుదేరే ముందు గ్రంథాలయానికి ఫోను చేసి వేళలు, సెలవులు కనుక్కోండి. ఏ సంవత్సరపు పత్రిక కావాలో కూడా అప్పుడే చెప్పండి, వెతికి పెట్టడానికి వాళ్లకు సమయం ఉంటుంది. మీ రెండు గంటల్లో ఒక గంట మిగులుతుంది.

ఎండాకాలం చదువరి

మా అత్తగారు పుట్టిన నెల పత్రిక అడగమంటున్నారు. అది కనిపిస్తుందంటే ఆవిడ కూడా లోపలికి వస్తారట.