అద్దెకు తెచ్చిన లంబాడీ నగలు: వేయించాలా, వద్దా?

గుత్తికోట: ఫిబ్రవరి 15న లంబాడీల గురువు సేవాలాల్ జయంతికి మా విద్యార్థినులు గుత్తి దగ్గరి సేవాగఢ్‌లో నాట్యం చేస్తున్నారు. అనంతపురంలో ప్లాస్టిక్ పూసల ‘లంబాడీ సెట్టు’ అద్దెకు దొరుకుతోంది. గాజు పూసలు, వెండి దొరక్కపోతే మానుకోవడమే గౌరవమని నేనంటున్నాను. మీరేమంటారు?

పాతసంత: ఏది అసలు, ఏది నకిలీ అన్నా? సుగాలీలు, అదే లంబాడీలు, ఉప్పు, ధాన్యం ఎద్దుల మీద వేసుకుని దేశాలు తిరిగినవాళ్లు. గవ్వలు సముద్రానివి, తండాకేమో సముద్రం ఆమడ దూరంలో కూడా లేదు. దంతపు గాజులు ఎముకవయ్యాయి, తర్వాత ప్లాస్టిక్‌వయ్యాయి. పొరుగున కర్ణాటకలోని సండూరు లంబాణీలకు భౌగోళిక గుర్తింపు (జీఐ ట్యాగ్) దక్కింది కుట్టుపనికే గాని పూసకు కాదు.

తండా ఆడపడుచు: ప్లాస్టిక్ గొడవ మీరిద్దరూ తేల్చుకోండి. నేను ఆ సెట్టు విప్పి చూశాను. పూసలూ అద్దాలూ జిగురుతో అంటించారు, రెండు పాటలయ్యేసరికి రాలి చెప్పుల్లేని కాళ్లకు గుచ్చుకుంటాయి. మా ఇళ్లలో ఒక్కో అద్దం చుట్టూ దారం తిప్పి కుడతారు, లాగినా రాదు. అదీ సర్దుకోవచ్చు. అసలు తంటా గుగ్రి, టోప్లితో. జడపాయలకు కట్టి చెంపల పక్కన వేలాడదీసే ఈ వెండి నగలు మాలో పెళ్లయిన స్త్రీలవి. మోచేతి పైన వేసే తెల్ల గాజులూ అంతే, భర్త పోతే తీసేస్తారు. ఇంటర్ చదివే పిల్లకు అవన్నీ తగిలించి వేదిక ఎక్కిస్తే, ముందు వరుసలో కూర్చున్న మా నాయనమ్మ నవ్వాలా, తల దించుకోవాలా?

పాతసంత: అది నాట్యం అక్కా, పెళ్లి కాదు. నాటకంలో సీత వేషం వేసే అమ్మాయికి మంగళసూత్రం కట్టరా?

తండా ఆడపడుచు: కడతారు, సీత పెళ్లయిన మనిషి కాబట్టి. మీ పాటలో వాళ్లు ఎవరు? పెళ్లికాని పిల్లలేగా.

గుత్తికోట: మరి ఏం వేయించమంటారు?

తండా ఆడపడుచు: మెడ నిండా పూసల దండలు, గవ్వలు కుట్టిన ఫేటియా, అంటే మా లంగా, చాలు. గుగ్రి, టోప్లి, చేతి పై గాజులు దుకాణంలోనే వదిలేయండి. ఫేటియాలు తండాలో కుట్టేవాళ్ల దగ్గర తీసుకుని, ఆ అద్దె వాళ్లకే ఇవ్వండి.

గుత్తికోట: దుకాణదారు సెట్టు విడగొట్టి ఇవ్వడట.

తండా ఆడపడుచు: అయితే మొత్తం తెచ్చి, అక్కర్లేనివి మూటలోనే ఉంచండి సారూ.