చెరువులో గుర్రపు డెక్క పీకాల్సింది మనమా, మున్సిపాలిటీనా?

చెరువుగట్టు: మూడు వారాల కింద మా కాలనీ వాళ్లం నలభై మందిమి దిగి గుర్రపు డెక్క తీశాం. నడుములు పడిపోయాయి. ఈ పొద్దున వాకింగ్‌కి వెళితే, శుభ్రం చేసిన మూలలోనే బొటనవేలంత పిల్ల మొక్కలు మళ్లీ తేలుతున్నాయి. అసోసియేషన్ రెండు ముక్కలైంది. నెలనెలా తీద్దామని కొందరు, ట్యాక్స్ కడుతున్నాం మనకెందుకని కొందరు. మీరేమంటారు?

ఉప్పల్ బాబాయ్: మనకెందుకనేవాళ్లదే కరెక్ట్. అవి మురుగునీళ్లండీ! గ్లౌజులు లేకుండా దిగి మా పక్కింటాయన పది రోజులు దద్దుర్లతో గోక్కున్నాడు. మెషీన్లు ఉన్నది ఎందుకు?

బోటనీ టీచర్: బాబాయ్ గారూ, మెషీన్ తీసినా ఇదే కథ. అనువైన నీళ్లలో రెండు వారాలకే రెట్టింపయ్యే మొక్క ఇది. దక్షిణ అమెరికా నుంచి పూల అందం చూసి తెచ్చుకున్నాం. విత్తనాలు బురదలో ఏళ్ల తరబడి బతికే ఉంటాయి. దీన్ని తినే ముక్కు పురుగుల్ని 1980ల్లో బెంగళూరులో వదిలారు, కానీ వాటి పని కనబడాలంటే ఏళ్లు పడుతుంది. అసలు మేత మురుగులోని నత్రజని, భాస్వరం. నాగోల్ దగ్గర మూసీ పచ్చగా పరుచుకునేది ఊరికేనా? పైగా మనవి గొలుసుకట్టు చెరువులు. వానొస్తే పై చెరువు అలుగు మీంచి డెక్క మీ దగ్గరికి దిగుతుంది.

వలగాడు: మాది చేపలు పట్టే ఇల్లు. డెక్క కమ్మితే వల పడదు, నీళ్లలో గాలి చాలక చేపలు తేలతాయి. మా నాయన వాళ్లు గాలివాటం చూసి, తాడు అడ్డం కట్టి డెక్కను ఒక ఒడ్డుకు చేర్చేవాళ్లు. సగం పని గాలే చేసేది. మీరు ఆదివారం వచ్చి ఫొటోలు దిగుతారు, కుప్ప ఒడ్డునే వదిలేస్తారు. అది కుళ్లి, ఆ రసమంతా మళ్లీ నీళ్లలోకే.

ఉప్పల్ బాబాయ్: ఎరువు చేసుకోవచ్చుగా?

బోటనీ టీచర్: పూల మొక్కలకైతే సరే. ఈ మొక్క మురికినీళ్లలోని లోహాల్ని పీల్చుకుంటుంది, కూరగాయలకు వద్దు. నన్నడిగితే జనం చేయాల్సింది పీకడం కన్నా ముందు కాపలా. పిల్ల మొక్కలు ఇలా చేతికందేటప్పుడే ఏరేయాలి, మురుగు ఎక్కడ కలుస్తోందో పట్టుకోవాలి.

చెరువుగట్టు: అన్నా, కుప్ప సంగతి నిజమే, ట్రాక్టర్ డబ్బుల దగ్గర గొడవై వదిలేశాం. టీచర్ గారు చెప్పారని సాయంత్రం నాలా వెంట నడిచాను. చెరువులోకి నాలుగు పైపులు. అందులో ఒకటి మా అపార్ట్‌మెంట్‌దే! వాచ్‌మన్‌ని అడిగితే, కరెంటు బిల్లు ఎక్కువొస్తోందని మురుగు శుద్ధి మోటారు ఎప్పుడో ఆపేశారట. రేపటి మీటింగ్‌లో ఈ మాట ఎలా ఎత్తాలో తెలియట్లేదు. సెక్రటరీ మా బావగారే.

వలగాడు: మీటింగ్‌ చెరువుగట్టు మీద పెట్టండి అన్నా, ఆ పైపు పక్కనే.