"టెన్షన్ పడితే పిల్లలు కారు" అనడం ఎంతవరకు నిజం?

పరకాల కోడలు:
పిల్లల కోసం హన్మకొండల ట్రీట్‌మెంట్ నడుస్తున్నది. ఇంట్ల అందరిదీ ఒకటే మాట: "నువ్వు ఊకె టెన్షన్ పడతవు, అందుకే నిలుస్తలేదు." మొన్న బతుకమ్మ కాడ సుత యారాలు అదే అన్నది. నిజంగనే నా దిగులే అడ్డమా?

నర్సంపేట అత్తమ్మ:
బిడ్డా, పెద్దోళ్లు నీ మేలు కోరే అంటరు. మా చుట్టాలల్ల ఒక పిల్ల మందులన్నీ బంద్ వెట్టి, మేడారం మొక్కి, మనసు నిమ్మలం చేసుకున్నంకనే కడుపు పండింది.

కాజీపేట అక్క:
అత్తమ్మా, ఈ మాట నేను ఒప్పుకోను. ఐవీఎఫ్ (టెస్ట్‌ట్యూబ్ బేబీ ట్రీట్‌మెంట్) కు ముందు ఆడవాళ్ల ఆందోళన, దిగులు కొలిచి, తర్వాత గర్భం వచ్చిందా లేదా చూసిన 14 అధ్యయనాలను కలిపి 2011ల బ్రిటిష్ మెడికల్ జర్నల్ అచ్చేసింది. మూడున్నర వేలకు పైగా ఆడవాళ్లు. దిగులు ఎక్కువున్నా తక్కువున్నా ఫలితంల తేడా కనపడలే. మందులు ఆపినంక అయినోళ్లు ఉంటరు, కాదనను. ఆపినా కానోళ్ల ముచ్చట మాత్రం ఎవ్వరూ చెప్పరు.

దిగులు ఎంత బరువో చూడుండ్రి. 1993ల అమెరికాల వచ్చిన ఒక పరిశోధనల, పిల్లలు కాని ఆడవాళ్ల ఆందోళన, కుంగుబాటు క్యాన్సర్ రోగులకు ఉన్నంత ఉన్నట్టు తేలింది. శ్రీమంతంల గాజులు తొడిగే వరుస తన దాకా వస్తున్నదంటే వంటింట్లకు పోయి, కడిగిన పళ్లాలే మళ్ల కడిగే ఆడపిల్లలను చూసిన. అసువంటి మనిషిని పట్టుకొని "నీ మనసే కారణం" అంటే, ఆమె ఏడ్వనీకి కూడా భయపడతది.

కరీంనగర్ తమ్ముడు:
మా రిపోర్టులల్ల తేడా నా దాంట్లనే ఉన్నది. అయినా "ఏమన్న విశేషమా?" అని అడిగేది మా ఆమెనే. పిల్లలు కాని జంటలల్ల దగ్గరదగ్గర సగం మందిల మగవాళ్ల వైపు కూడా కారణం ఉంటది. వీర్యపరీక్ష చిన్న పరీక్ష. ఆమెకు స్కానింగులన్నీ అయినంక గాని మగోడు కదలడు. మా అమ్మకు కరాఖండిగ చెప్పిన: ఇగ అడిగేది ఉంటే నన్ను అడుగు.

నర్సంపేట అత్తమ్మ:
అయితే మొక్కుడు కూడా తప్పేనా?

కాజీపేట అక్క:
మొక్కుడు తప్పని ఎందుకంట అత్తమ్మా. కన్నెపల్లిల సారలమ్మ బయలెల్లే యాల తడిబట్టలతోని పిల్లల కోసం వరం పట్టేటోళ్లకు ఆ గడియల వచ్చే ధైర్యం నాకెరుకే. మొక్కుకోనీ, మందులూ వాడనీ. బంద్ వెట్టమని మాత్రం చెప్పకుండ్రి.

చెల్లే, ఇసువంటి ట్రీట్‌మెంట్ల మీద వచ్చిన 2021 చట్టం ప్రకారం ఐవీఎఫ్ కేంద్రాలు జంటకు కౌన్సెలింగ్ ఇయ్యాలె, సక్సెస్ అయ్యే అవకాశం ఎంతనో కూడా చెప్పాలె. అడిగి తీసుకో, మీ ఆయనను కూడా కూసోబెట్టు. రాత్రి నిద్రపట్టక గుబులైతే 14416కు ఫోన్ చెయ్, అది టెలీ మానస్, మనసు బాధలు చెప్పుకునే సర్కారు హెల్ప్‌లైన్. పైసలు పడవు, తెలుగులనే మాట్లాడతరు.

పరకాల కోడలు:
ఆయన వస్తనన్నడు అక్కా. యారాలుకు ఈ ముచ్చట ఎట్ల చెప్పాల్నో అదొక్కటి చెప్పుండ్రి.