కుక్క ఒంటిమీది గడ్డకు ముందు సూది పెట్టించాలా, నేరుగా కోయించాలా?

పాలకొల్లు టీచర్: మా 9 ఏళ్ల లాబ్రడార్‌కు డొక్క మీద ఉసిరికాయంత గడ్డ నెలన్నరగా ఉంది. ముందు సన్నని సూదితో కణాలు తీసి చూద్దామని డాక్టరు గారు అంటున్నారు. కంతిని కెలికితే పాకుతుందని ఇంట్లో పెద్దవాళ్లు వారిస్తున్నారు. అనుభవమున్నవారు చెప్పగలరు.

రాజోలు కొబ్బరితోట: పెద్దవాళ్ల మాట వినండి. మా వాడికి తొడ మీద చింతగింజంత గడ్డ ఉండేది. పట్టణంలో ఒక ఆసుపత్రిలో సూది పెట్టిన సాయంత్రానికల్లా అది ఎర్రబడి, చుట్టూ ఉబ్బి, రెట్టింపయింది. మూడు నెలలకు కుక్కే లేకుండా పోయింది. కోయదలిస్తే మొదటే కోయించాలి, మధ్యలో సూదితో పనేమిటి?

తణుకు: మా దానిది కొవ్వు కంతి అని సూదితోనే తేలింది. నాలుగేళ్లయినా కత్తి పెట్టలేదు.

అమలాపురం పశువైద్యురాలు: రాజోలు వారి బాధను కాదనను గాని, పాకడానికి సూదే కారణమనడం సరికాదు. అది మాస్ట్ సెల్ కణితి (అలర్జీకి స్పందించే మాస్ట్ కణాల నుంచి పుట్టే క్యాన్సరు) అయి ఉండవచ్చు. ఆ కణాల నిండా వాపు తెచ్చే హిస్టమిన్ అనే రసాయనం ఉంటుంది, నొక్కినా గుచ్చినా అది వెలువడి కొద్దిసేపట్లోనే వాపు తేలుతుంది, ఆ వాపును గడ్డ పెరుగుదలగా పొరబడతాము. సూదితో పనేమిటన్నారు. గడ్డ ఏ రకమో తెలిస్తేనే చికిత్స ఏమిటో తేలుతుంది. కొవ్వు కంతి అయితే స్లైడు మీద నూనె చుక్కలు మెరుస్తాయి, చాలావరకు కోతే అక్కరలేదు. జననాంగాల దగ్గర సంపర్కం వల్ల అంటుకునే కణితి అయితే, వారానికొకటి చొప్పున ఇచ్చే విన్‌క్రిస్టిన్ అనే క్యాన్సరు మందు ఇంజెక్షన్లతోనే సాధారణంగా కరిగిపోతుంది. సార్కోమా (కండ, కొవ్వు వంటి మెత్తని కణజాలంలో పుట్టే క్యాన్సరు) అయితే మాత్రం, తొనలోంచి పనస గింజను తీసినట్టు గడ్డను ఒక్కదాన్నే ఊడదీస్తే పైకి కనిపించని వేళ్లు మిగిలి మళ్లీ లేస్తుంది కాబట్టి, మొదటి కోతలోనే చుట్టూ సుమారు 3 సెంటీమీటర్ల మంచి కండతో సహా తీయాలని చూస్తాము. సార్కోమా కణాలు సన్న సూదికి సరిగా రాకపోవచ్చు. అప్పుడు లావుపాటి బయాప్సీ సూదితో చిన్న ముక్క తీసి, ఆ సూది వెళ్లిన దారిని కూడా తరువాతి కోతలో కలిపేస్తాము.

రాజోలు కొబ్బరితోట: రెట్టింపయిందా, లేదా? ఆ ఒక్కదానికి జవాబు చెప్పండి. సూది దారిన కణాలు పాకనే పాకవని రాసివ్వగలరా?

అమలాపురం పశువైద్యురాలు: పాకనే పాకవని అననండి. మూత్రాశయపు క్యాన్సరులో పొట్ట మీదుగా సూది పెట్టడం మేమే మానుకుంటాము, ఎందుకంటే ఆ దారిన కణితి మొలిచిన సందర్భాలున్నాయి. చర్మం మీది, చర్మం కింది గడ్డలకు ఆ ముప్పు చాలా అరుదు.

భీమవరం: ఇద్దరూ కాస్త నెమ్మదించండి.

రాజోలు కొబ్బరితోట: నెమ్మదించను. వాడిని చెరువు గట్టున పూడ్చింది నేను. స్లైడు బయటికి పంపామన్నారు. 22 రోజులు తిరిగాను, వెళ్లినప్పుడల్లా రేపు రమ్మన్నారు. మాస్ట్ సెల్ అని రాసిన కాగితం చేతికి వచ్చేసరికి గజ్జలో బిళ్ల కట్టింది. మొదటి రోజే కోసి ఉంటే బతికేవాడేమోనని ఇప్పటికీ నిద్ర పట్టదు.

అమలాపురం పశువైద్యురాలు: ఇది మొదటే చెప్పి ఉంటే హిస్టమిన్ గురించి అంత రాసేదాన్ని కాదు. ఆ 22 రోజుల విషయంలో నేను మీ పక్షమే. రంగు వేసిన స్లైడు మీద మాస్ట్ కణాలను వాటిలోని ఊదా గింజలను బట్టి చాలాసార్లు అదే రోజు గుర్తుపట్టవచ్చు. అంత ఆలస్యం జరగవలసింది కాదు.

రాజోలు కొబ్బరితోట: పాలకొల్లు వారూ, స్లైడు ఎవరు చూస్తారో, ఎన్నాళ్లకు చెబుతారో సూది పెట్టకముందే అడగండి. ఆ రెండూ తేలకుండా పెట్టించవద్దు. అంతకుమించి నేను వెనక్కి తగ్గను.

పాలకొల్లు టీచర్: సోమవారం వెళుతున్నాము, ఆ రెండూ అడుగుతాను. వాపేదో పెరుగుదలేదో తెలియడానికి ఈ రోజే నూలుపోగుతో గడ్డ కొలత తీసి, పోగును డాక్టరు చీటీకి అంటించి ఉంచాను.