డిజిటల్ ఆర్ట్ డిగ్రీలో మొదటి ఏడాదంతా పెన్సిలేనా?

లేయర్‌పదకొండు
డిజిటల్ ఆర్ట్ అండ్ డిజైన్ డిగ్రీలో చేరి ఏడు నెలలైంది. ఇప్పటిదాకా క్లాసులో ట్యాబ్లెట్ ముట్టుకోలేదు. అంతా చార్‌కోల్, పెన్సిల్, కాగితమే. పోయిన వారం మూడు గంటలపాటు మేం గీసిందేమిటో తెలుసా? నలిపి బల్లమీద పెట్టిన ఒక తెల్ల కాగితం ఉండ. మాస్టారు వెనక నుంచి వచ్చి నా బొమ్మలో ఒక మడత మీద వేలు పెట్టి, "ఇక్కడ నువ్వు చూడలేదు, ఊహించుకున్నావు" అని వెళ్లిపోయారు. ఆ వేలి మరక కూడా అక్కడే మిగిలిపోయింది.

నేను వచ్చింది యాప్ స్క్రీన్లు డిజైన్ చేయడం, త్రీడీ నేర్చుకోవడానికి. సాఫ్ట్‌వేర్ రెండో ఏడాదిలో గానీ మొదలవదట. పెన్సిల్ వద్దనను, కానీ ఏడాదంతానా? ఒక సెమిస్టర్ చాలదా?

మసిచేతులు
ట్యాబ్లెట్ మీద గీసేటప్పుడు నీ ఎడమ చెయ్యి ఎక్కడుంటుందో ఒకసారి గమనించు తమ్ముడూ. కంట్రోల్ జెడ్ మీద, అంటే గీసింది రద్దుచేసే అన్‌డూ మీద ఉంటుంది. ఒక గీత పదిసార్లు గీస్తావు, పదిసార్లు చెరిపేస్తావు, పదకొండోసారి కుదిరింది కదా అని ఉంచేస్తావు. అది ఎందుకు కుదిరిందో నీకు తెలియదు, రేపు మళ్లీ పదిసార్లు గీయాల్సిందే. బొగ్గుతో ఆ సౌకర్యం లేదు కాబట్టి, గీసే ముందే చూస్తావు.

జూమ్ ఇంకో జబ్బు. కనురెప్పల వెంట్రుకలు లెక్కపెట్టినట్టు వేస్తారు, బయటికొచ్చి చూస్తే తల మెడ మీద లేదు. చదువుకునే రోజుల్లో నేనూ అదే బాపతు.

యాప్ స్క్రీన్లు అన్నావు కాబట్టి చెబుతున్నా. 1984లో వచ్చిన మొదటి మ్యాకింటోష్‌కి ఐకాన్లు వేసిన సూసన్ కేర్ ఆ పని మొదలుపెట్టింది గళ్ల కాగితం నోటుపుస్తకంలో. అడ్డం 32 గళ్లు, నిలువు 32 గళ్లు, ఒక్కో గడి ఒక్కో పిక్సెల్. పునాది లేకుండా సాఫ్ట్‌వేర్ పట్టుకోవడం నేల విడిచి సాము చేయడమే.

వెలుగురంగు
ఆవిడ గళ్లు నింపింది స్క్రీన్ కోసం, మసిచేతులు గారూ. కాగితం ఉండకు నీడలు వేయడం కోసం కాదు. మీ ఉదాహరణ నా వైపే ఉంది.

నా అభ్యంతరం గీతల గురించి కాదు, రంగుల గురించి. మాకూ మొదటి ఏడాది పోస్టర్ కలరే. ఎరుపు, ఆకుపచ్చ కలిపితే బురద రంగు వస్తుందని చేతులారా నేర్చుకున్నాం. స్క్రీన్ మీద ఆ రెండు వెలుగులు కలిస్తే పసుపు రావాలి. సరేనని సాఫ్ట్‌వేర్‌లో ఒక పక్క ఎరుపు, ఇంకో పక్క ఆకుపచ్చ పెట్టి మధ్యలో మెత్తని బ్రష్‌తో కలిపి చూడండి. చాలా ప్రోగ్రాముల్లో మధ్యన మురికి పట్టీ ఒకటి వస్తుంది. నేనైతే అది రంగుల సహజ గుణం అనుకున్నాను, పోస్టర్ కలర్ అలాగే నేర్పింది కదా!

అసలు సంగతి వేరు. సాఫ్ట్‌వేర్‌లో ఒక్కో రంగు వెలుగుకి 0 నుంచి 255 వరకు ఉండే స్కేల్ మీద 128 అంటే సగం వెలుగు కాదు, మామూలు స్క్రీన్ల మీద ఐదో వంతు కంటే కాస్త ఎక్కువంతే. సాఫ్ట్‌వేర్ అంకెల్ని సగం చేస్తుంది, వెలుగు సగం కంటే చాలా కిందికి పడిపోతుంది. అందుకే ఆ పట్టీ. ఈ ముక్క నాకు మూడో ఏడాదిలో, అదీ లైటింగ్ క్లాసులో ఎవరో మాటల మధ్యలో అంటే తెలిసింది. ఏడాదంతా బొగ్గు నూరినా ఇది తెలియదు.

ఫౌండేషన్‌టీచర్
మొదటి ఏడాది పాఠాలు చెప్పేవాడిని, తిట్లు తినేవాడినీ నేనే కాబట్టి రాస్తున్నాను.

1919లో జర్మనీలో మొదలైన బాహౌస్ అనే డిజైన్ స్కూల్లో, అక్కడి మాస్టారు యోహానెస్ ఇట్టెన్ పెట్టిన ప్రాథమిక కోర్సు నుంచే ఈ పద్ధతి చాలా కాలేజీలకు పాకింది. ముందు రూపం, రంగు, పదార్థం, తర్వాతే వర్క్‌షాపు. అయితే అక్కడ ఆ కోర్సు ఆరు నెలలే. ఏడాది మనం చేసుకున్నది.

సాఫ్ట్‌వేర్ ముందు నేర్పమంటే నాకు భయమెందుకంటే, ఫ్లాష్ అనే యానిమేషన్ సాఫ్ట్‌వేర్ చెప్పినవాడిని నేను. సెమిస్టర్ల తరబడి చెప్పాను. 2020 చివరికల్లా దాని ఊసే లేకుండా పోయింది. త్రీడీ సాఫ్ట్‌వేర్ బ్లెండర్‌లో కుడి క్లిక్‌తో సెలెక్ట్ చేయడం ఏళ్ల తరబడి వేళ్లకు పట్టించాను, 2019లో 2.80 వెర్షన్ వచ్చి దాన్ని ఎడమ క్లిక్ చేసింది. కాగితం ఉండ మాత్రం అప్‌డేట్ కాదు.

ఇంకో కారణం ఉంది, సిలబస్‌లో రాయరు. ల్యాబుల్లో సీట్లు పై ఏడాదుల వాళ్లకే సరిపోవు. పెన్సిల్‌కి ల్యాబ్ అక్కర్లేదు. ఏడాది అన్న లెక్కలో కొంత ఇలా వచ్చిందే.

పిక్సెల్‌పిచ్చి
బాహౌస్ 1933లో మూతపడింది సార్ 🙂

ఫౌండేషన్‌టీచర్
నాజీల ఒత్తిడికి పడింది బాబూ, సిలబస్ దెబ్బకి కాదు.

గీతలకోడ్
ముందు చెయ్యి, తర్వాత మెషిన్ అన్న వరస మీదే నాకు నమ్మకం లేదు. కంప్యూటర్ ఆర్ట్ తొలితరం కళాకారిణి వేరా మోల్నార్ 1968లో కంప్యూటర్ దగ్గరికి వెళ్లకముందే, ఏళ్ల తరబడి తనే నియమాలు రాసుకుని, ప్రోగ్రాములా వాటిని పాటిస్తూ చేత్తో బొమ్మలు గీసింది. దాన్ని ఊహా యంత్రం అనేది. చేత్తో గీస్తూ కూడా మెషిన్‌లా ఆలోచించొచ్చు, మెషిన్ మీద చేతి క్రమశిక్షణా పాటించొచ్చు.

లేయర్‌పదకొండు, ఒక పని చెయ్యి. అదే కాగితం ఉండని ట్యాబ్లెట్ మీద గీయి. అన్‌డూ షార్ట్‌కట్ తీసెయ్, జూమ్ వాడకు, ఒకటే లేయర్. ఏమైందో ఇక్కడ రాయి.

వెలుగురంగు
టీచర్ గారూ, ల్యాబుల సంగతి ఒప్పుకున్నందుకు థ్యాంక్స్. కానీ వెలుగు, రంగు, అంకెల లెక్క ఏ సాఫ్ట్‌వేర్‌దీ కాదు. చిన్న అక్షరాలకూ వెనక రంగుకూ మధ్య కాంట్రాస్ట్ కనీసం 4.5కి 1 ఉండాలన్న ప్రమాణమూ అంతే, ప్రోగ్రామ్ మారితే మారేది కాదు. బల్ల మీద ఒక్క ప్రొజెక్టర్ పెట్టి చెప్పొచ్చు. దీనికీ పెన్సిల్‌కీ పోటీ ఎందుకు పెడుతున్నారు?

లేయర్‌పదకొండు
రాత్రి గీశాను. మొదటి అరగంట ఎడమ చెయ్యి ఊరికే కీబోర్డ్ మీదికి పోతూనే ఉంది, చివరికి దాన్ని తొడ కింద పెట్టుకుని కూర్చున్నా. రెండు గంటలు పట్టింది. ప్రింట్ తీసి క్లాసు బొమ్మ పక్కన పెట్టి చూశాను. మాస్టారు వేలు పెట్టారే, ఆ మడత దగ్గరే మళ్లీ తప్పాను. పెన్సిల్ అయినా పెన్ అయినా నేను అక్కడ చూడట్లేదు. మసిచేతులు అన్నా, ఈ పాయింట్ నీదే.

టీచర్ గారు ఏమీ అనుకోనంటే, వెలుగురంగు గారి ప్రొజెక్టర్ క్లాసు మాత్రం ఈ ఏడాదే కావాలని సోమవారం మా డిపార్ట్‌మెంట్‌లో అడగబోతున్నాం. ఇప్పటికి తొమ్మిదిమందిమి సంతకాలు పెట్టాం.

ఫౌండేషన్‌టీచర్
అడగండి. ల్యాబ్ అన్న మాట మాత్రం ఎక్కడా రాయకండి, ప్రొజెక్టర్ ఉన్న గది అని రాయండి. లేకపోతే ఆ కాగితం ఏడాది తిరుగుతుంది.