"గాజుపూస లిచ్చి" తరవాతేమిటి?

ఆటవెలది అభిమాని: చిన్నప్పుడు సోషల్ మాష్టారు కొలంబస్ పాఠంలో చదివిన పాదం: "గాజుపూస లిచ్చి కనకమ్ము గొనినారు". మిగతా మూడు పాదాలు ఎవరికైనా వచ్చా?

యతిస్థానం: మేం విన్నది "గాజుపూసలకును కనకమ్ము నిచ్చిరి". గణాలు రెండింటికీ కుదిరాయి, యతీ కుదిరింది. కర్తే మారిపోయాడు!

పాతప్రతి: వేమన ధోరణిలా ఉంది.

యతిస్థానం: ఆటవెలది కనబడితే వేమనకు అంటగట్టడమేనా? స్పెయిను దొరల బేరాలతో ఆయనకేం పనండీ?

పాతప్రతి: సరే. "లకును"లో ఆ "ను" ఏమిటి మరి? "సైతం" అనే అర్థమా, పాదపూరణమా? సైతమే అయితే గాజుపూస చవకని కవి ముందే తేల్చేసినట్టు.

తవ్వకాలరావు: అసలు "కనకమ్ము" దగ్గరే తప్పుంది. 1492 అక్టోబరు 12న కొలంబస్ ఎర్ర టోపీలు, గాజుపూసలు ఇస్తే వాళ్లు తెచ్చినవి చిలకలు, నూలు ఉండలు, ఈటెలు. బంగారం ఊసు మర్నాటిది. ఇక చవక సంగతంటారా, 1540లో స్పెయిను సేనాని డి సోటో దండు కొఫితచెకి (ఇప్పటి దక్షిణ కరోలినాలోని మూలవాసుల ఊరు)లో శవాల గుడి సోదా చేస్తుంటే పచ్చగా ఏదో మెరిసింది. మరకతమనుకుని డి సోటో కార్యదర్శి రాంగెల్ గుట్టుగా దొరకు చూపించాడు. తీరా తీస్తే గాజుపూస! వెనకాలే ఇంకా బోలెడు పూసలు, సిలువలున్న జపమాలలు. 1526లో అక్కడి అట్లాంటిక్ తీరానికొచ్చి చితికిపోయిన అయ్యోన్ అనే మరో స్పెయిను దొర బృందానివి. స్పెయినువాళ్ల సరుకు చూసి స్పెయినువాళ్లే మోసపోయారు. ఇప్పుడు అమాయకులెవరు?

ఆటవెలది అభిమాని: భలే! పూసను బట్టి దండు నడిచిన దారి తెలుస్తుందా?

తవ్వకాలరావు: కాలం బాగా తెలుస్తుంది. నుయెవా కాదిజ్ పూసలని ఉన్నాయి: పలకల గొట్టాలు, నీలం-తెలుపు-నీలం పొరలు, కొన్నిటికి మెలి. పదహారో శతాబ్దం మొదటి భాగానివి. దారి మాత్రం అంత సులువుగా చిక్కదు. పూస చేతులు మారుతుంది, వందల మైళ్లు పోతుంది. అందుకే 1987లో ఫ్లోరిడాలోని తలహాసీలో దొరికిన డి సోటో చలికాలపు విడిదిని నిర్ధారించడానికి పూసలొక్కటే చాలలేదు. ఇనుప కవచపు కడియాలు, రాగి నాణేలు, పంది దవడ ఎముక కూడా కలిసిరావలసి వచ్చింది.

యతిస్థానం: పంది దవడ ఆటవెలదిలో ఇమడదు లెండి.

పాతప్రతి: "పందిదవడ దొరికె" అనండి, మూడు సూర్యగణాలు! అయితే ఆ "ను" ఏమైనట్టు?